పసుపు మనదే... ఆ మాట ఎక్కడ రాసి ఉంది?

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఏ మందుల దుకాణానికి వెళ్ళినా ఇప్పుడు కర్క్యుమిన్ మాత్రల డబ్బా కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులకని ఒకరు, కడుపులో మంటకని ఇంకొకరు, అమెరికాలో ఉన్న కొడుకు చెప్పాడని మరొకరు కొంటున్నారు. ఆ డబ్బాకు పెట్టే డబ్బుతో పక్కనున్న కిరాణా కొట్టులో ఇంటిల్లిపాదికీ నెలల తరబడి సరిపోయే పసుపు వస్తుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే దుంప సారం. ఆ దుంప ఎక్కడో దూరదేశంలో పండిందా అంటే అదీ కాదు. ఏటా నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పసుపు కొమ్ములు పంపే పల్లెలు మన చుట్టూనే ఉన్నాయి.

కొమ్ముకూ మాత్రకూ మధ్య ఇంత తేడా రావడానికి కారణం ప్రయోగశాల మాత్రమే కాదు. చట్టం కూడా. ఆ చట్టం ఢిల్లీలో తయారైంది కానీ, దానికి కొలతలు తీసింది మాత్రం జెనీవాలో. వాణిజ్య ఒప్పందం అనగానే మనకు సుంకాలు, ఓడలు, విదేశీ కార్ల ధరలు గుర్తొస్తాయి. మన పెరట్లోని వేపచెట్టు, పొలం గట్టున పెరిగే గుంటగలగర, ఎల్లారెడ్డి అడవుల్లోని తిప్పతీగ కూడా ఆ కాగితాల్లో ఉంటాయని చాలామందికి తెలియదు. ఆరోగ్యం పేజీలో వాణిజ్యం గోల ఎందుకని మీకు అనిపించవచ్చు. మన వంటింటి వైద్యం ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు జవాబు ఆ కాగితాల్లోనే ఉంది కాబట్టి.

1995 సంగతి. ఆ ఏడాది మార్చిలో అమెరికా పేటెంట్ కార్యాలయం మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంట్ ఇచ్చింది. గాయం మీద పసుపు పెడితే మానుతుందన్నది ఆ ‘ఆవిష్కరణ’. దరఖాస్తు చేసిన ఇద్దరు శాస్త్రవేత్తలూ భారతీయ మూలాలున్నవారే. తెగిన వేలికి పసుపు అద్దని అమ్మ తెలుగునాట ఉంటుందా? కానీ పేటెంట్ కార్యాలయానికి అమ్మ మాట సాక్ష్యం కాదు. వాళ్ళకు కావలసింది అచ్చయిన కాగితం. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, అంటే సీఎస్ఐఆర్, 1996లో ఆ పేటెంటును సవాలు చేసింది. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచీ, భారత వైద్య సంఘం పత్రికలో 1953లో వచ్చిన ఒక వ్యాసం నుంచీ కలిపి 32 ఆధారాలు ముందు పెట్టింది. 1997 ఆగస్టులో ఆ హక్కులు చెల్లవని తేలింది. ఒక అభివృద్ధి చెందుతున్న దేశం తన సంప్రదాయ జ్ఞానాన్ని చూపించి అమెరికా పేటెంటును కొట్టేయించడం అదే మొదటిసారి అంటారు.

గెలిచాం, నిజమే. కానీ గెలిపించింది ఏమిటో గమనించండి. ఎవరో ఎప్పుడో రాసిపెట్టడం. రాయనివాళ్ళ సంగతి ఏమిటన్నది అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడూ గట్టిగా అడగడం లేదు.

ఇంకొక మాట కూడా ఉంది. గాయానికి పసుపు అన్న పేటెంట్ పోయింది కానీ పసుపు మీద పేటెంట్లు ఆగలేదు. కర్క్యుమిన్‌ను సూక్ష్మకణాలుగా చేసే పద్ధతి, కొవ్వుతో కలిపే పద్ధతి, ఒంటికి త్వరగా పట్టేలా చేసే మిశ్రమం, ఇలా కొత్త పద్ధతి చూపించిన ప్రతివారికీ హక్కు దొరుకుతుంది. అది తప్పని నేననను. నిజంగా శ్రమపడి కొత్తది కనిపెడితే ప్రతిఫలం ఉండాలి. మిరియాల సారం పోషకాలను ఒంటికి బాగా పట్టిస్తుందన్న దాని మీద 1996లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. జలుబు చేస్తే పాలల్లో పసుపుతోపాటు నాలుగు మిరియాలు దంచి వేసే ఇళ్ళు మనకు ఎన్నో. వాళ్ళు ‘శోషణ’ అన్న మాట వాడలేదు, అంతే. కొత్తదనం ఎక్కడ మొదలవుతుంది, పాతదనం ఎక్కడ ఆగుతుంది అన్న గీతను గీసేది మాత్రం మనం కాదు.

(కర్క్యుమిన్ మాత్రలు వాడుతున్నవారికి ఒక మాట. రక్తం పలచబడే మందులు వేసుకుంటున్నా, పిత్తాశయంలో రాళ్ళున్నా డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు. కూరలో వేసే పసుపుకు ఈ భయం అక్కర్లేదు.)

రెండు ఒప్పందాలు, రెండు దారులు

అసలు ఈ గీత ఎక్కడి నుంచి వచ్చింది? 1992లో బ్రెజిల్‌లోని రియో నగరంలో దేశాలన్నీ జీవ వైవిధ్య ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఒక దేశపు మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవుల మీద ఆ దేశానికే సర్వహక్కులు ఉంటాయని, వాటిని వాడుకునేవారు ముందుగా అనుమతి అడగాలని, వచ్చిన లాభంలో వాటా ఇవ్వాలని అందులో రాసుకున్నాయి. మూడేళ్ళు తిరక్కుండానే, 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. దాంతోపాటు మేధో సంపత్తి హక్కుల ఒప్పందం ట్రిప్స్ వచ్చింది. సూక్ష్మజీవుల మీద పేటెంట్ ఇవ్వాల్సిందేనని, మొక్కల రకాలకు పేటెంటో, మరొక రకమైన హక్కో కల్పించాల్సిందేనని ఇది చెప్పింది. ఆ మొక్క ఎక్కడి నుంచి తెచ్చావు, ఎవరిని అడిగి తెచ్చావు అన్న ప్రశ్న మాత్రం ఇందులో లేదు.

మొదటి ఒప్పందం మీరితే పెద్దగా శిక్ష లేదు. రెండోది మీరితే ఎగుమతుల మీద దెబ్బ పడుతుంది. రెండు దారుల్లో దేశాలు దేన్ని భయంగా చూస్తాయో చెప్పనక్కర్లేదు. ఇక అమెరికా అయితే జీవ వైవిధ్య ఒప్పందాన్ని ఇప్పటికీ ఆమోదించనే లేదు. పేటెంట్ దరఖాస్తులో మొక్క మూలం తప్పనిసరిగా చెప్పించాలని భారత్, బ్రెజిల్ వంటి దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో రెండు దశాబ్దాలకు పైగా అడుగుతూనే ఉన్నాయి. 2024 మే నెలలో జెనీవాలో, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఆధ్వర్యంలో, అలాంటి ఒక ఒప్పందం ఎట్టకేలకు కుదిరింది. సంతోషమే. కానీ మూలం చెప్పనంత మాత్రాన, మోసపు ఉద్దేశం ఉంటే తప్ప, పేటెంట్ రద్దు చేయకూడదని అందులోనే రాశారు. లాభంలో వాటా మాట అసలే లేదు.

ఈ గొడవలో మన హైదరాబాద్‌కూ ఒక పేజీ ఉంది. 2012 అక్టోబరులో జీవ వైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు అక్కడే జరిగింది. లాభాల పంపకం కోసం చేసుకున్న నగోయా ఒప్పందాన్ని భారత్ ఆమోదించింది కూడా అప్పుడే. ఆ రోజుల్లో నగరమంతా బోర్డులు, స్వాగత తోరణాలు. సదస్సు అయిపోయాక ఆ మాట మన పల్లెల దాకా ఎంత నడిచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

అమరచింత వేపాకు లెక్క

దానికి జవాబు చెప్పే ఒక చిన్న కథ మన తెలంగాణలోనే ఉంది. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పటి వనపర్తి జిల్లాలో అమరచింత అనే ఊరుంది. హైదరాబాద్‌కు చెందిన బయో ఇండియా బయొలాజికల్స్ అనే సంస్థ అక్కడి నుంచి 2,000 కిలోల వేపాకు సేకరించి జపాన్‌కు ఎగుమతి చేసింది. చట్టప్రకారం చెన్నైలోని జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తీసుకుంది. రాయల్టీగా 55,035 రూపాయలు కట్టింది. అందులోంచి 20,000 రూపాయలు అమరచింత జీవ వైవిధ్య యాజమాన్య కమిటీకి వచ్చాయి. వేప మొక్కలు నాటడానికి, జనానికి అవగాహన కల్పించడానికి ఆ డబ్బు.

లెక్క వేయండి. కిలో వేపాకుకు ఊరికి దక్కింది 10 రూపాయలు. నవ్వొస్తుందా? నాకు మాత్రం నవ్వు రాదు. దేశంలో ఊరి కమిటీకి ఇలా డబ్బు చేరిన తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి. ఎక్కడ లాభాల పంపకం మీద మాట్లాడినా దీన్ని చెప్పుకుంటారు. వేపాకు ఎవరైనా కోసుకుపోవచ్చు, అది గాలి లాంటిది అనుకునే దేశంలో, ఆకు కోసినవాడు ఊరికి బాకీ పడతాడని మొదటిసారి కాగితం మీద తేలింది. మొత్తం చిన్నదే. తేలిన సూత్రం పెద్దది.

వేప మీద యూరప్‌లో జరిగిన పోరాటం ఇంకా పెద్దది. వేపనూనె సారంతో మొక్కల బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకూ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ కంపెనీకీ 1994లో యూరోపియన్ పేటెంట్ దక్కింది. వందనా శివ, యూరప్ గ్రీన్ పార్టీ నాయకురాలు మాగ్దా ఏల్వోత్, సేంద్రియ రైతుల అంతర్జాతీయ సమాఖ్య కలిసి దాని మీద పోరాడారు. 2000 మే నెలలో పేటెంట్ రద్దయింది. కంపెనీ పైకి వెళితే 2005 మార్చిలో అప్పీలూ కొట్టేశారు. పదేళ్ళకు పైగా పట్టింది. ఒక్క చెట్టుకు, ఒక్క వాడకానికి.

ఇంత పోరాడి కాపాడుకున్న వేపకు ఇంట్లోనే ఏమైందో మీరు చూసే ఉంటారు. 2021 నుంచి తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోవడం మొదలైంది. ఎర్రగా ఎండిన కొమ్మలతో రోడ్ల పక్క చెట్లు నిలబడి ఉంటే, వేపకు కూడా కరోనా వచ్చిందని జనం అనుకున్నారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా చెట్లు మళ్ళీ చిగురించాయి, కొన్ని చనిపోయాయి. ఒకే రోడ్డు మీద ఒక చెట్టు మాడిపోయి, పది అడుగుల దూరంలో మరొకటి పచ్చగా ఎలా ఉంది? ఆ పచ్చగా నిలిచిన చెట్టులోనే రేపటి వేప ఉండవచ్చు. దాని గింజే దాచుకోవాల్సింది. మీ ఊళ్ళో అలాంటి చెట్టు ఏదో ఎవరైనా రాసి పెట్టారా?

రాసి పెట్టాల్సినవాళ్ళు ఉన్నారు. 2002 జీవ వైవిధ్య చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీకి, ప్రతి పురపాలికకు ఒక జీవ వైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్ళోని మొక్కలు, పంట రకాలు, పశువుల జాతులు, వాటిని జనం దేనికి వాడతారు అన్న వివరాలతో ప్రజా జీవ వైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ పురపాలికలకు కూడా ఇది వర్తిస్తుంది. చట్టం వచ్చి ఏళ్ళు గడిచినా పని జరగలేదని జాతీయ హరిత ట్రిబ్యునల్ కోప్పడింది. 2020 జనవరి 31 నాటికి అన్నీ పూర్తి చేయాలని, లేకపోతే ఒక్కో రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని గడువు పెట్టింది. గడువు తరుముకొస్తే మన దగ్గర పనులు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. దేశంలో ఇప్పుడు రెండున్నర లక్షలకు పైగా కమిటీలు ఉన్నాయి. లెక్క బాగుంది. వాటిలో ఎన్ని ఒక్కసారైనా కూర్చున్నాయన్నది వేరే లెక్క.

గ్రంథంలో ఉన్నవాడు, అడవిలో ఉన్నవాడు

ఇక్కడే నా అసలు అభ్యంతరం ఉంది. 2023లో ఈ చట్టాన్ని సవరించారు. 2024 ఏప్రిల్ 1 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. దానికి ముందు ఒక కోర్టు తీర్పు ఉంది. దివ్య ఫార్మసీ అనే ఆయుర్వేద మందుల సంస్థ తాను భారతీయ సంస్థ కాబట్టి లాభంలో వాటా ఇవ్వనక్కర్లేదని వాదించింది. 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. విదేశీయుడైనా స్వదేశీయుడైనా కొండవాసుల మొక్కతో సంపాదిస్తే వాళ్ళకు వాటా ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఆయుర్వేద పరిశ్రమకు ఇది నచ్చలేదు. సవరణ చట్టంలో ‘గ్రంథస్థం అయిన సంప్రదాయ జ్ఞానం’ వాడుకునే భారతీయులకు మినహాయింపు వచ్చింది. జైలు శిక్షలు తీసేసి, లక్ష నుంచి 50 లక్షల రూపాయల వరకూ జరిమానాలు పెట్టారు.

ఊళ్ళలో తరతరాలుగా వైద్యం చేసే వైద్యుడికి, ఆయుష్ డాక్టరుకు వెసులుబాటు ఇవ్వడం సరైనదే. గుప్పెడు అడ్డసరం ఆకు కోసుకుని కషాయం కాచేవాడు బోర్డుకు అర్జీ పెట్టుకోవాలంటే ఎలా? సాగు చేసిన ఔషధ మొక్కలకు మినహాయింపు కూడా అర్థం చేసుకోదగ్గదే, రైతుకు అది మంచిది. కానీ వందల కోట్ల వ్యాపారం చేసే కంపెనీ కూడా ‘ఇది గ్రంథంలో ఉన్నదే’ అని అదే తలుపులోంచి దూరిపోతే ఎలా? తిప్పతీగ గ్రంథంలో ఉంది. అశ్వగంధ ఉంది. నేలవేము ఉంది. మన బసవరాజీయం తిరగేస్తే సగం అడవి అందులో దొరుకుతుంది. అడవిలో ఎండలో తిరిగి ఆ తీగను కోసుకొచ్చే ఆడమనిషి మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు. గాంధారి, మాచారెడ్డి, ఎల్లారెడ్డి వైపు తండాల్లో ఇప్పపువ్వు, తునికాకు, కరక్కాయ, సీతాఫలం ఏరుకుని అంగడికి తెచ్చేవాళ్ళు మన మధ్యే ఉన్నారు. ఏ చెట్టు బెరడు పాము కాటుకు అక్కరకు రాదో, ఏ ఆకు బాలింతకు పడదో వాళ్ళకు తెలుసు. (పాము కాటుకు ఆసుపత్రే దిక్కు, అందులో రెండో మాట లేదు.) ఆ జ్ఞానం నోటి మాటగానే ఉంది. మన చట్టం మొదటి నుంచీ కాపాడతానన్నది అలాంటివాళ్ళనే.

పసుపు గొడవ తర్వాత 2001లో మన ప్రభుత్వం సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టింది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని యోగాలను ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, స్పానిష్ భాషల్లోకి మార్చి విదేశీ పేటెంట్ కార్యాలయాలకు అందుబాటులో పెట్టింది. 2009లో యూరప్ పేటెంట్ కార్యాలయంతో ఒప్పందం కుదిరింది. చాలా మంచి పని, దాన్ని చూపించి ఎన్నో దరఖాస్తులను ఆపగలిగారు. కానీ అది తాళం మాత్రమే. దొంగను ఆపుతుంది, ఇంట్లోకి బియ్యం తేదు. పేటెంట్ రాకపోవచ్చు, మొక్క మాత్రం వెళ్ళిపోతూనే ఉంటుంది, ఏరినవారికి కిలో లెక్కన వచ్చేది తప్ప ఇంకేమీ రాదు. పైగా నోటి మాటగా ఉన్నదాన్ని ఆ గ్రంథాలయం చూడలేదు.

ఈ కథ పాతదే. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు మన ఇళ్ళ ముందు పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. ఆ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. ఆ మందు వేల మంది పిల్లల్ని బతికించింది, బతికిస్తోంది. మడగాస్కర్ పల్లెకు మాత్రం ఏమీ చేరలేదు. రక్తపోటుకు తొలి ఆధునిక మందుల్లో ఒకటైన రిసర్పిన్‌ను 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా శాస్త్రవేత్తలు మన సర్పగంధ వేళ్ళ నుంచి వేరుచేశారు. ఆ తర్వాత వేళ్ళ కోసం అడవుల్ని ఎంతగా తవ్వారంటే, సర్పగంధను అంతర్జాతీయ వ్యాపారం మీద నిఘా ఉండే జాబితాలోకి చేర్చాల్సి వచ్చింది.

మొక్క కరువైతే ఆరోగ్యానికి వచ్చే ముప్పు మరొకటి. కల్తీ. కరోనా రోజుల్లో తిప్పతీగ కోసం జనం ఎగబడటం గుర్తుందా? ఆ తర్వాత కొందరికి కాలేయం దెబ్బతిందని ముంబయి డాక్టర్లు నివేదించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. అసలు తిప్పతీగకూ, దాన్ని పోలిన మరో జాతి తీగకూ తేడా తెలియక వాడితే ప్రమాదమని హెచ్చరించింది. ఎవరి మాట ఎంత నిజమన్నది వైద్యులు తేల్చుకుంటారు. కానీ ఒకప్పుడు ఆ రెండు తీగల తేడా ఆకు చూసి, కాడ గిల్లి చెప్పగలిగిన మనిషి ప్రతి ఊళ్ళో ఉండేది. ఇప్పుడు మనం ఫోన్‌లో వీడియో చూసి గోడ మీద పాకిన తీగను కోసుకుంటున్నాం. కాలేయ జబ్బు, ఆటో ఇమ్యూన్ జబ్బు, షుగరు మందులు ఉన్నవారు తిప్పతీగ సొంతంగా వాడకపోవడమే మంచిది.

జుక్కల్, మద్నూరు వైపు నల్లరేగడి నేలల్లో యాసంగిలో శనగ వేస్తారు కదా. శనగకు ప్రపంచంలోనే అతి పెద్ద విత్తన భాండాగారాల్లో ఒకటి మనకు దగ్గర్లోని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఉంది. రైతులు ఇచ్చిన గింజల్ని ప్రపంచం తరఫున అక్కడ దాచి ఉంచారు. 1990ల చివర్లో ఆస్ట్రేలియా సంస్థలు అక్కడి నుంచి తీసుకున్న శనగ రకాల మీద తమ దేశంలో హక్కుల కోసం దరఖాస్తు చేశాయి. గోల జరిగింది, వెనక్కి తీసుకున్నాయి. ఇందులో దొంగచాటు ఏమీ లేదు, గింజలు అడిగే తీసుకున్నారు. ‘అందరిదీ’ అన్నదాన్ని ‘నాది’గా మార్చడానికి ఒక దరఖాస్తు చాలునని మాత్రం తెలిసింది.

మనం చేసుకున్న 2001 చట్టం ఈ విషయంలో మేలు. హక్కులున్న రకమైనా సరే, రైతు దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇచ్చి పుచ్చుకోవచ్చు, కంపెనీ పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. 2019లో గుజరాత్ రైతుల మీద పెప్సికో కంపెనీ ఆలుగడ్డ రకం విషయంలో కేసు పెట్టి, దేశమంతా గొడవ చేస్తే వెనక్కి తగ్గిందంటే ఈ చట్టం అండ వల్లే. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల చర్చల్లో యూరప్ దేశాల నుంచి చాలా ఏళ్ళుగా ఉన్న ఒత్తిడి దీని మీదే. యుపోవ్ 1991 అనే కఠినమైన ఒప్పందం ప్రమాణాలకు రమ్మంటున్నాయి. అది ఒప్పుకుంటే పక్క ఊరి బంధువుకు సోలెడు విత్తనం ఇవ్వడం కూడా తప్పయ్యే పరిస్థితి రావచ్చు. భారత్ ఇప్పటిదాకా అందులో చేరలేదు. చేరకూడదు.

మందుల ధరల మాట కూడా ఈ కట్టలోదే కాబట్టి ఒక ముక్క చెప్పాలి. 2012లో కాలేయ, మూత్రపిండ క్యాన్సర్ మందు నెక్సావర్‌ను తయారు చేయడానికి హైదరాబాద్ కంపెనీ నాట్కోకు మన పేటెంట్ కార్యాలయం తప్పనిసరి లైసెన్సు ఇచ్చింది. నెలకు దాదాపు 2 లక్షల 80 వేలు ఉన్న ఖర్చు 9 వేల లోపుకు దిగింది. ఆ అధికారం ట్రిప్స్ ఒప్పందమే ఇచ్చింది. 2025 జులైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో మాత్రం మందులు అందుబాటులోకి తేవడానికి స్వచ్ఛంద లైసెన్సులే మేలైన మార్గమన్న వాక్యం చేరింది. చట్టం మారలేదని ప్రభుత్వం అంటుంది, అది నిజమే. కానీ రేపు ఇంకో నాట్కో దరఖాస్తు పెడితే ఆ వాక్యాన్ని ఎవరు ముందుకు తెస్తారో ఊహించడం కష్టం కాదు. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో కుదిరిన మహమ్మారి ఒప్పందంలో కూడా చిక్కుముడి ఇదే. వైరస్ నమూనా ఇచ్చిన దేశానికి టీకాలో ఎంత వాటా? అన్నీ ఒప్పుకున్నారు, ఆ ఒక్కటీ తర్వాతి చర్చలకు వదిలేశారు.

ట్రిప్స్ అంతా చెడ్డదే అంటే అదీ నిజం కాదు. భౌగోళిక గుర్తింపు అన్న ఆయుధాన్ని ఇచ్చింది అదే. ఈరోడ్ పసుపు, సాంగ్లీ పసుపు, కంధమాల్ పసుపు ఆ గుర్తింపును ఎప్పుడో తెచ్చుకున్నాయి. మన వైపు ఆర్మూరు రకం పేరు వ్యవసాయ పుస్తకాల్లో తరాలుగా ఉంది, కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఉంది, 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు కూడా వచ్చింది. బోర్డు వచ్చినప్పటి నుంచి వినిపిస్తున్న మాటలన్నీ ధర గురించి, ఎగుమతి గురించి. రైతుకు ధర కావాలి, కాదనను. దానితోపాటు ఏ ఊళ్ళో ఏ రకం ఉంది, ఎందులో కర్క్యుమిన్ ఎంత, దుంప ఎవరింటి నుంచి వచ్చింది అన్న పుస్తకం కూడా బోర్డు తెరవాలి. రేపు ఏదో కంపెనీ మన రకం మీద దరఖాస్తు పెడితే, మళ్ళీ 1953 నాటి పత్రిక కోసం గ్రంథాలయాలు గాలించే పని ఉండదు.

రిజిస్టర్ల సంగతికి వస్తే, మనకు పక్కనే జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు చిరుధాన్యాల విత్తనాలను మట్టి బుడ్డల్లో, వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి దాచుకున్నారు. బడి మెట్లు ఎక్కని దళిత మహిళలు వాళ్ళలో చాలామంది. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వాళ్ళకు రిజిస్టరు గడువు ఎవరూ పెట్టలేదు.

కామారెడ్డిలో ఉద్యోగం చేసుకునే కుటుంబాలు ఏం చేయగలవు అంటారా? వచ్చే గ్రామసభకు సొంత ఊరు వెళ్ళినప్పుడు, లేదా వార్డు కౌన్సిలర్ ఎదురుపడినప్పుడు మూడు విషయాలు అడగండి. మన జీవ వైవిధ్య కమిటీలో సభ్యులు ఎవరు? రిజిస్టరు ఎక్కడుంది? అందులో చివరిసారి ఎప్పుడు రాశారు? పంచాయతీ కార్యదర్శికి ఆ పేరు కొత్తగా అనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. రిజిస్టరు దొరికితే తెరిచి చూడండి, మొక్కల పేర్లు మన ఊరివేనా, పక్క జిల్లా కాగితాన్ని చూసి దింపినవా అన్నది ఒక్క పేజీలోనే తెలిసిపోతుంది. అందులో జ్ఞానం చెప్పినవారి పేరు రాసే చోటు ఉంటుంది. ఆ చోట ఎవరి పేరు ఉందో చూడండి. ఇంట్లో అమ్మమ్మకో, నానమ్మకో తెలిసిన మందు చెట్టు ఉంటే ఆమె పేరుతో రాయించండి. దాన్ని వీడియో తీసి అందరికీ పంచే ముందు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. పేటెంట్ రాకుండా ఆ వీడియో అడ్డుపడవచ్చు. కానీ ఊరికి రావాల్సిన వాటా అడగడానికి పనికొచ్చేది కమిటీ సంతకం ఉన్న రిజిస్టరు.

అన్నట్టు, ఆ మాడిపోయిన వేపచెట్ల మధ్య పచ్చగా నిలిచిన చెట్టు మీకు తెలిసినది ఏదైనా ఉంటే, దాన్ని కూడా అందులో రాయించండి. వేపకాయలు వేసవి చివర, వానలకు ముందు పండుతాయి. గింజ రాలిన తర్వాత మొలకెత్తే శక్తి ఎక్కువ రోజులు ఉండదు, కొద్ది వారాల్లోనే నాటేయాలి.